విశాఖ తీరాన్ని కాచిన వైస్ అడ్మిరల్ కృష్ణన్



గార్ల వాళ్ళమైన మనకు నీళ్ళంటే పాకాల ఏరు, ఊరి చెరువు. సముద్రం మనకు చాలా దూరం. రాత్రిపూట మన స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి విశాఖపట్నం చేరుతుందని మాత్రం తెలుసు. మన సంఘాల యువకులు ఎందరో ఆ ఊరు వెళ్ళి, బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం ముందు ఫొటో దిగి వస్తుంటారు. ఆ స్మారకం ఎందుకు కట్టారో, ఆ తీరంలో ఒక రాత్రి ఏం జరిగిందో అడిగితే చాలామంది తడబడతారు. డిసెంబరు 4న దేశం నౌకాదళ దినోత్సవం జరుపుకుంటుంది. అందుకే 1971లో విశాఖ నుండి తూర్పు నౌకాదళాన్ని నడిపించిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ గారి గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాము.

కృష్ణన్ గారు 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. ఆయన తెలుగువారు కారు. అయినా ఆయన జీవితంలో అతి పెద్ద బాధ్యత తెలుగు తీరంలోనే ఆయన భుజాల మీద పడింది. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాని రోజుల్లోనే ఆయన నౌకాదళంలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో పర్షియన్ గల్ఫ్ ప్రాంతంలో చూపిన ధైర్యానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే పతకం పొందారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్ళు. స్వాతంత్ర్యం తరువాత మన నౌకాదళంలో ఒక్కో మెట్టూ ఎక్కారు. అప్పట్లో మన ఏకైక విమాన వాహక నౌక అయిన విక్రాంత్‌కు ఒకప్పుడు కెప్టెన్‌గా ఉన్నారు. ఢిల్లీలో నౌకాదళ ఉపాధిపతిగా పనిచేశారు. ఆ తరువాత విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతిగా వచ్చారు.

ఆ కమాండ్ అప్పటికి పసిబిడ్డ. 1968లో మొదలైంది. మంచి ఓడలన్నీ ఎక్కువగా బొంబాయి వైపే ఉండేవి. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో మారణకాండ మొదలై, లక్షలాది శరణార్థులు మన సరిహద్దు దాటి వస్తున్నారు. యుద్ధం తప్పదని అందరికీ అర్థమవుతోంది. అప్పుడే విక్రాంత్‌ను తూర్పు తీరానికి పంపాలని నిర్ణయించారు.

అయితే విక్రాంత్ ఆరోగ్యం అంతంత మాత్రం. దాని నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు వచ్చాయి. బాయిలరు బలంగా లేకపోతే ఓడకు వేగం ఉండదు. వేగం లేకపోతే విమానాలు లేవవు. ఎందుకంటే ఓడ గాలికి ఎదురుగా వేగంగా పోతున్నప్పుడే ఆ చిన్న డెక్ మీద నుండి ఎగిరే విమానం రెక్కలకు చాలినంత గాలి అందుతుంది. 1965 యుద్ధంలో విక్రాంత్ మరమ్మతుల్లో ఉండిపోయి బయటికే రాలేదు. ఆ అవమానం నావికుల మనసుల్లో ఇంకా ఆరలేదు. మళ్ళీ రేవులోనే కూర్చోబెడితే ఓడకు ప్రమాదం ఉండదు, కానీ ఆ ఓడ ఉండీ ఏం లాభం? అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా గారు, కృష్ణన్ గారు మూడు బాయిలర్లతోనే దాన్ని యుద్ధానికి దింపడానికి సిద్ధపడ్డారు. దానిలో ఉన్న వందలాది కుటుంబాల బిడ్డల ప్రాణాలు ఆ నిర్ణయం మీద ఆధారపడ్డాయి.

శత్రువు కూడా ఊరుకోలేదు. పాకిస్తాన్ దగ్గర ఘాజీ అనే జలాంతర్గామి ఉంది. అమెరికా నుండి తీసుకున్నది. కరాచీ నుండి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా రాగల జలాంతర్గామి వారికి అదొక్కటే. 1971 నవంబరు 14న అది కరాచీ నుండి బయలుదేరింది. దాని మొదటి వేట విక్రాంత్.

ఇక్కడే కృష్ణన్ గారి బుద్ధి పనిచేసింది. విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ దీవుల్లోని ఒక మారుమూల రేవుకు పంపేశారు. విశాఖలో మాత్రం విక్రాంత్ ఇక్కడే ఉందన్నట్టు వాతావరణం సృష్టించారు. రాజ్‌పుత్ అనే పాత ఓడ, ఇక పక్కన పెట్టేయవలసిన ఓడ, సముద్రంలోకి వెళ్ళి విక్రాంత్‌లా నటించింది. పెద్ద ఓడ పంపినన్ని వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఊళ్ళో బజారులో ఒక పెద్ద నౌకాదళానికి సరిపోయినంత మాంసం, కూరగాయలు ఆర్డరు చేశారు. ఆ వార్త గూఢచారుల చెవిన పడుతుందని ఆయనకు తెలుసు. తీరం వెంట ఉన్న మత్స్యకారులకు కూడా చెప్పి ఉంచారు: నీళ్ళ మీద నూనె తెట్టు కనిపించినా, తెలియని వస్తువు ఏది తేలినా వెంటనే కబురు చేయాలని.

ఇందులో ఒక సంగతి మనం గమనించాలి. ఈ ఎత్తు పారితే శత్రువు విక్రాంత్‌ను వదిలి విశాఖ వైపు వస్తాడు. అంటే ఓడను కాపాడడానికి ఆయన ప్రమాదాన్ని తన గుమ్మంలోకే పిలిచారు. లక్షల మంది ఉన్న ఊరు అది. ఆ ఊళ్ళోనే తానూ ఉన్నారు. ఆ బరువును ఎవరి మీదికీ నెట్టలేదు.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ ప్రాంత విమానాశ్రయాల మీద దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ గారి ఆధ్వర్యంలో రాజ్‌పుత్ రేవు దాటి బయటికి వెళ్ళింది. నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనిపించి, నీటిలోపల పేలే బాంబులు వదిలింది. అర్ధరాత్రి దాటాక తీరమంతా అదిరేంత పెద్ద పేలుడు వినిపించింది. ఇళ్ళ కిటికీలు కంపించాయి. తెల్లవారాక మత్స్యకారులు నూనె తెట్టును, తేలుతున్న శకలాలను చూసి కబురు తెచ్చారు. ఘాజీ రేవుకు దగ్గరలోనే సముద్రం అడుగున పడి ఉంది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

ఘాజీ ఎలా మునిగిందన్న దానిపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. రాజ్‌పుత్ బాంబులే ముంచాయని కృష్ణన్ గారు నమ్మారు. తాను అమర్చిన మందుపాతరలకే అది బలైందని కొందరు, లోపలే ప్రమాదం జరిగి పేలిపోయిందని మరికొందరు అంటారు. మన నౌకాదళ అధికారుల్లోనే అభిప్రాయ భేదాలు ఉన్నాయి. కానీ ఘాజీ అక్కడికి ఎందుకు వచ్చిందన్న దానిలో సందేహం లేదు. విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అక్కడ లేదు.

అదే రోజు, డిసెంబరు 4న, విక్రాంత్ మీది సీహాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. తూర్పు పాకిస్తాన్‌కు సముద్ర మార్గం మూసుకుపోయింది. బయటి నుండి సహాయం రావడానికి గాని, లోపలి సైన్యం తప్పించుకుపోవడానికి గాని దారి లేకుండా పోయింది. పగిలిన బాయిలరుతోనే ఆ ఓడ పని పూర్తి చేసింది. దాని కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ గారికి మహావీర చక్ర లభించింది.

అన్నీ విజయాలే అని చెబితే అది చరిత్ర కాదు. డిసెంబరు 10న ఖుల్నా దగ్గర ముక్తివాహిని నావికులున్న పద్మా, పలాష్ అనే చిన్న ఓడలను మన విమానాలే పొరపాటున దాడి చేసి ముంచాయి. యుద్ధం చివరి రోజుల్లో కాక్స్ బజార్ దగ్గర సైనికులను ఒడ్డుకు దింపే ప్రయత్నం సరిగా సాగక, కొందరు జవానులు శత్రువు తూటా తగలకుండానే నీళ్ళలో మునిగి చనిపోయారు. గెలిచిన యుద్ధంలో కూడా ఇలా కొడుకులను పోగొట్టుకున్న తల్లులు ఉంటారు. వారిని తలచుకోకుండా పతకాల గురించి మాత్రమే మాట్లాడడం న్యాయం కాదని మా అభిప్రాయం.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. దాదాపు 93,000 మంది బందీలయ్యారు. ఆ ప్రసిద్ధ ఫొటోలో బల్ల వెనుక తెల్లని యూనిఫారంలో నిలబడి ఉన్నవారే కృష్ణన్ గారు. పరమ విశిష్ట సేవా పతకం, పద్మభూషణ్ ఆయనను వరించాయి. ఉద్యోగ విరమణ తరువాత కొచ్చిన్ షిప్‌యార్డును నడిపించారు. బంగాళాఖాతంలో జరిగిన యుద్ధం గురించి పుస్తకం రాశారు. 1982లో కన్నుమూశారు.

ఆయన మన సంఘస్థులు కారు, మన ప్రాంతం వారూ కారు. అయినా ఆయన జీవితంలో మన ఇళ్ళకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. ఓడలో లోపం ఉందని ఆయన దాచలేదు. లోపం ఉందని దాన్ని పక్కన పడేయనూ లేదు. దాని బలహీనత ఎంతో కొలిచి, అది చేయగలిగిన పని దానికి అప్పగించారు. కాలం చెల్లిన రాజ్‌పుత్‌కు కూడా ఒక పని ఇచ్చారు. మన సంఘాల్లో వయసు మీదపడిందని, ఆరోగ్యం బాగాలేదని, చదువు లేదని మనం వెనుక బెంచీల్లో కూర్చోబెట్టినవారు ఎందరున్నారు? వారిని ఏ పనికి పిలిచాము?

ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు బీచ్ రోడ్డులో ఆ స్మారకం దగ్గర కాసేపు ఆగండి. మీ వెంట పిల్లలుంటే ఈ సంగతి చెప్పండి. తరువాత సముద్రం వైపు తిరిగి, ఆ నీటి అడుగున ఉండిపోయిన అవతలి దేశపు బిడ్డలను కూడా ఒక్క నిమిషం తలచుకోండి. వారి కోసం కూడా ఎవరో ఒకరు ఇంటి గుమ్మంలో చాలా కాలం ఎదురుచూసే ఉంటారు.