న్యాయశాస్త్ర గురువు అంబేద్కర్

గాజువాక: ఈ ప్రాంతం నుంచి న్యాయవిద్య కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థులు అడుగుపెట్టేది డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ న్యాయ కళాశాలలోకి. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. న్యాయశాస్త్రాన్ని బోధించిన అధ్యాపకుడిగా, ఒక న్యాయ కళాశాల ప్రిన్సిపల్‌గా ఎరిగినవారు మాత్రం తక్కువే.

1891 ఏప్రిల్ 14న మౌలో జన్మించిన అంబేద్కర్ కొలంబియా, లండన్‌లలో అర్థశాస్త్రం అభ్యసించి, గ్రేస్ ఇన్‌లో బారిస్టర్ అయ్యారు. అంతకుముందే 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. అధ్యాపకుల కుండలోని నీళ్లు ఆయన తాగరాదని అక్కడి సహోద్యోగులు కొందరు అభ్యంతరపెట్టారు. 1923లో హైకోర్టు న్యాయవాదిగా నమోదయ్యేందుకు సన్నదు రుసుముకు సైతం చేతిలో డబ్బు లేకపోగా, మిత్రుడు నావల్ భథేనా ఆదుకున్నారు. అస్పృశ్యత కారణంగా కేసులూ అంతంతమాత్రమే. ఇల్లు గడవడానికి 1925 నుంచి ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. న్యాయశాస్త్ర గురుత్వం ఆయనకు అలా అవసరంగానే మొదలైంది.

1928 జూన్‌లో బొంబాయి ప్రభుత్వ న్యాయ కళాశాలలో ప్రొఫెసర్‌గా చేరారు. 1935 జూన్ ఆరంభంలో అదే కళాశాలకు ప్రిన్సిపల్ అయ్యారు. అర్ధాంగి రమాబాయి కన్నుమూసి అప్పటికి వారం తిరగలేదు. న్యాయవిద్యలో రావలసిన సంస్కరణలపై 1936లో కళాశాల పత్రికకు వ్యాసం రాశారు.

చట్టం మీద ఆయనకున్న గురికి మహాడ్ వ్యాజ్యమే సాక్ష్యం. 1927 మార్చి 20న అక్కడి చవుదార్ చెరువు నీటిని అనుచరులతో కలిసి తాగారు. పురపాలక సంఘం అంతకుముందే అందరికీ తెరిచిన చెరువు అది. అయినా సనాతనులు కోర్టుకెక్కి డిసెంబరులో తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చారు. వేలాదిగా తరలివచ్చిన జనాన్ని ఒప్పించి, నీళ్లు ముట్టకుండానే ఊరేగింపు ముగించారు అంబేద్కర్. ఆ నిగ్రహం సామాన్యమైనది కాదు. అంటరానివారిని దూరంగా ఉంచడం అనాదిగా వస్తున్న ఆచారమన్నది వాదుల మాట. ఆచారాన్ని హక్కుగా చెప్పుకునేవారే దానిని రుజువు చేయాలి. వారు చేయలేకపోయారు. దాదాపు పదేళ్ల తర్వాత, 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వారి అప్పీలును తోసిపుచ్చింది. నాటికి ప్రతివాది న్యాయ కళాశాల ప్రిన్సిపల్!

1938లో ఆ పదవిని వీడారు. 1945లో ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1956లో బొంబాయిలో సిద్ధార్థ న్యాయ కళాశాలను ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబరు 6న ఆయన ఢిల్లీలో తుదిశ్వాస విడిచారు.