హాస్యనట చక్రవర్తి రేలంగి

నవ్వించేవానిని లోకం త్వరగా ప్రేమిస్తుంది. అంత త్వరగానే తక్కువగా అంచనా వేస్తుంది. కరుణరసం పండించిన నటునికి గంభీరమైన బిరుదులు లభిస్తాయి. హాస్యం పండించిన నటుడు ఎంతటివాడైనా, పెద్దల సభలో అతని పేరు ఎత్తగానే ముందుగా ఒక చిరునవ్వు, ఆ తరువాతనే గౌరవం. ఈ పద్ధతిని కొంతవరకైనా మార్చిన తెలుగు నటుడు రేలంగి వెంకట్రామయ్య గారు. హాస్యనటునిగా జీవించి, హాస్యనటునిగానే 1970లో భారత ప్రభుత్వంచే పద్మశ్రీ బిరుదం అందుకొన్న తొలి తెలుగువాడు ఆయనే. నేటి విద్యార్థినీ విద్యార్థులు ఆయనను ప్రధానంగా దూరదర్శన్ ద్వారా, ఆ తరువాత వచ్చిన చానళ్ల ద్వారా ఎరుగుదురు. ఆ నటుని జీవితం ఆయన పాత్రలంత నవ్వులాటగా సాగలేదు.

మన ఎలమంచిలి స్టేషనులో విజయవాడ వైపు పోయే రైలెక్కినవారికి తుని దాటిన పిమ్మట సామర్లకోట, రాజమండ్రి, గోదావరి వంతెన, నిడదవోలు, తాడేపల్లిగూడెం వరుసగా వస్తాయి. రేలంగి గారి జీవితం దాదాపు ఈ దారి పొడుగునా పరచుకొని ఉన్నది. 1910 ఆగస్టులో తూర్పు గోదావరి జిల్లా రావులపాడులో జన్మించారు. పెరిగినది కాకినాడ. తండ్రి రామస్వామి గారు సంగీతం, హరికథ తెలిసినవారు. తల్లి అచ్చాయమ్మ గారు కుమారుని పసితనంలోనే గతించారు. చదువు ఉన్నత పాఠశాల మెట్లు పూర్తిగా ఎక్కలేదు. కాని ఇంట్లో వినబడే హార్మోనియం, ఊరిలో ఆడే నాటకం ఆయనకు రెండవ పాఠశాల అయినవి. తరగతి గదిలో నిలువని మనస్సు రంగస్థలంపై నిలిచింది. ఆనాటి ఆచారం ప్రకారం బాలనటులకు మొదట లభించేవి స్త్రీ పాత్రలు. ఆయనకూ అట్లే లభించినవి.

ఆనాటి కాకినాడను గురించి ఒక మాట చెప్పక తప్పదు. అది కేవలం రేవు పట్టణం కాదు, నటుల పుట్టిల్లు. పార్సీ నాటక కంపెనీల ఉర్దూ, హిందుస్తానీ బాణీలు ఆంధ్ర తీరమంతా వ్యాపించి మన పద్యనాటకానికి కొత్త రక్తం ఎక్కించిన కాలమది. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటక సమాజం రేలంగి గారినే కాక ఎస్.వి. రంగారావు గారిని, అంజలీదేవి గారిని కూడా తీర్చిదిద్దినది. సూర్యకాంతం గారు పుట్టినది ఆ సమీపంలోనే. ఒక చిన్న పట్టణపు నాటక సమాజాలు ఇందరు నటులను ఇచ్చినవంటే, ఆ వెనుక ఎన్ని రాత్రుల సాధన ఉన్నదో ఊహించుకొనవలసినదే. కళాశాల వార్షికోత్సవానికి నాటకం వేయుట కాలహరణమని భావించే పెద్దలు ఈ విషయం గమనింతురు గాక!

తెలుగు చిత్రం 1932లో మాటలు నేర్చినది. మూడేళ్లకు, అనగా 1935లో, చిత్తజల్లు పుల్లయ్య గారు నిర్మాణ బాధ్యత వహించిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో రేలంగి గారు విదూషకుడు మొదలగు చిన్న వేషాలు ధరించారు. తొలిసారి తెరపై కనబడినది విదూషకునిగా అనుట విశేషమే. అయితే ఆ విదూషకుని వెంటనే రాజసభకు పిలిచినవారు లేరు. చిత్రం ప్రజాదరణ పొందలేదు. ఆయనకు వేషాలు రాలేదు.

ఇక్కడే ఆయన జీవితంలో అందరూ తొందరగా దాటిపోయే ఘట్టం ఉన్నది. 1935 మొదలు 1947 వరకు పన్నెండు సంవత్సరాలు ఆయన పుల్లయ్య గారి వద్ద చేయని పని లేదు. స్టూడియోలు మన ప్రాంతంలో లేనందున ఆనాటి తెలుగు చిత్రాలలో అనేకం కలకత్తా, బొంబాయి వంటి దూర నగరాలలో తయారయ్యేవి. నటీనటులను సమకూర్చుట, వారి అవసరాలు చూచుట, నిర్మాణపు పనులలో సహాయపడుట, ఎవరైనా రానినాడు చిన్న వేషం వేయుట, ఇదీ ఆయన ఉద్యోగం. ఇరవై ఐదవ ఏట మొదలైన ఈ నిరీక్షణ ముప్పైయేడవ ఏటగాని ముగియలేదు. అప్పటికి సాధారణంగా మనిషి ఇక తనవల్ల కాదని ఇంటిదారి పడతాడు. రేలంగి గారు పడలేదు. పైగా ఈ పన్నెండేళ్లలో వందలాది మంది నటుల నడక, నాలుక, అలక, ఆకలి దగ్గరనుండి చూచారు. తరువాతి కాలంలో ఆయన పోషించిన పాత్రలలోని మనుషులందరూ ఆయనకు ఇక్కడ పరిచయమైనవారేనని నా నమ్మకం.

1947లో పుల్లయ్య గారి ‘గొల్లభామ’, 1948లో ‘వింధ్యరాణి’, 1949లో ‘కీలుగుర్రం’ ఆయనను ప్రేక్షకుల దృష్టికి తెచ్చినవి. అదే 1949లో వాహినీ వారి ‘గుణసుందరి కథ’ వచ్చింది. షేక్స్పియరు మహాకవి ‘కింగ్ లియర్’ ఛాయతో కె.వి. రెడ్డి గారు తీర్చిన జానపదమది. పెద్దల్లుళ్లు హరమతి, కాలమతులుగా వల్లభజోస్యుల శివరాం గారు, రేలంగి గారు నటించారు. మూడవ అల్లుడు దైవాధీనం పాత్ర కస్తూరి శివరావు గారిది.

ఈ శివరావు గారిని తలచక రేలంగి గారి కథ చెప్పరాదు. ఆయనదీ కాకినాడయే. మూకీల కాలంలో చిత్రాలకు వ్యాఖ్యానం చెప్పి, ప్రొజెక్టరు తిప్పి, 1948లో ‘బాలరాజు’తో ఆంధ్రదేశమంతటా మారుమ్రోగిన తొలి హాస్యతార. ఆయన కారు కనబడితే జనం మూగేవారట. కాని స్వయంగా చిత్రనిర్మాణానికి, దర్శకత్వానికి పూనుకొన్న పిమ్మట ఆ వైభవం నిలువలేదు. 1966లో లేమిలో కన్నుమూశారు. ఒకే పట్టణం, ఒకే విద్య, ఒకే చిత్రంలో పక్కపక్కన నిలిచిన ఇద్దరు. ప్రతిభలో శివరావు గారు తక్కువవారని ఎవరూ అనలేరు. పన్నెండేళ్లు నిర్మాతల లెక్కలు దగ్గరుండి చూచిన అనుభవం రేలంగి గారికి రక్ష అయినదేమో!

1951లో ‘పాతాళభైరవి’. రాజుగారి బావమరది శూరసేనుడు. రాకుమారిపై ఆశ, గుండెలో పిరికితనం, నోట ప్రగల్భం. ఈ మూడింటిని కలిపి రేలంగి గారు చేసిన పాత్ర తెలుగువారి ఇళ్లలో నేటికీ సామెత. అందులోని తన పాట తానే పాడుకొన్నారు. తండ్రి నేర్పిన సంగీతం వృథా పోలేదు. అదే సంవత్సరం బొంబాయిలో ‘బాజీ’ చిత్రంతో జానీవాకర్ గారు వెలుగులోకి వచ్చారు. బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ అనే ఆ బస్సు కండక్టరును ఉర్దూ, హిందీ ప్రేక్షకులు ఎట్లు నెత్తిన పెట్టుకొన్నారో, రేలంగి గారిని తెలుగువారు అట్లే పెట్టుకొన్నారు.

1953లో పుల్లయ్య గారు మరొక సాహసం చేశారు. తాను విదూషకునిగా పరిచయం చేసిన నటుని ‘పక్కింటి అమ్మాయి’లో అంజలీదేవి గారి సరసన కథానాయకుని చేశారు. పాట రాని ప్రేమికుడు పెదవులు కదపగా, చాటున గాయకుడు పాడే కథ ఇది. ఆ గాయకునిగా ఎ.ఎం. రాజా గారు తెరపై కనిపించారు. బెంగాలీ మూలం గల ఈ కథయే 1968లో హిందీలో ‘పడోసన్’ అయినది. సునీల్ దత్, కిశోర్ కుమార్, మెహమూద్ గార్లను మెచ్చుకొనే మన మిత్రులలో ఎందరికి తెలుసు, పదిహేనేళ్ల ముందే ఈ కథకు తెలుగు తెరపై నాయకుడు రేలంగి అని?

1955లో ‘మిస్సమ్మ’లోని దేవయ్య వచ్చాడు. 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. దుర్యోధనుని ముద్దుల కుమారుడు లక్ష్మణకుమారుడు. పెళ్లిపీటలపై పక్కన ఉన్నది మాయాశశిరేఖ, లోపలున్నవాడు ఘటోత్కచుడు. సభలో అందరికీ ఆమె సుందరి. వరునికి మాత్రమే ఆమె అసలు రూపం కనబడుతుంది, కాలు తొక్కినప్పుడు ఆ బరువు తెలుస్తుంది. ఇది నటునికి ఎంత కష్టమైన పరీక్షయో ఆలోచించండి. తాను చూచినది ఎవరూ నమ్మరు. నమ్మించబోతే తానే వెర్రివాడు. భయం, అభిమానం, బాధ మూడూ ఒకే ముఖంలో ఒకే క్షణాన కనబడవలెను. సావిత్రి గారి కళ్లలో రాక్షసుడు ఎంత స్పష్టమో, రేలంగి గారి కళ్లలో ఆ రాక్షసుని ప్రతిబింబం అంత స్పష్టం. ఈ సన్నివేశాన్ని కేవలం గంతులుగా చూచి నవ్వుకొనేవారు సగమే చూచినట్లు.

1963లో ‘నర్తనశాల’లో ఉత్తరకుమారుడైనారు. అంతఃపురంలో కోతలు కోసి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తే ఆ రాకుమారుని తిక్కన సోమయాజి ఏనాడో మనకు పరిచయం చేశాడు. పండితులు పద్యాలలో చదివి ఆనందించిన ఆ పాత్రను అక్షరం రాని ప్రేక్షకుడు రేలంగి గారి ద్వారా తెలుసుకొన్నాడు. నా దృష్టిలో ఆయన సాహిత్యసేవ అంటే ఇదే. లక్ష్మణకుమారుడు, ఉత్తరకుమారుడు ఇద్దరూ పిరికి రాకుమారులే. అయినా ఒకరు మరొకరివలె ఉండరు. మొదటివానిది గారాబం, రెండవవానిది గొప్పలు.

మూడువందలకు పైగా చిత్రాలన్నిటి పట్టిక ఇచ్చుటకు ఈ పుటలు చాలవు. రేలంగి – గిరిజ జంట, రేలంగి – సూర్యకాంతం జంట, రేలంగి – రమణారెడ్డి జంట లేకుండా పంపిణీదారులు చిత్రాన్ని కొనుటకు జంకే రోజులుండేవి. ‘పాతాళభైరవి’లో దేవిగా ప్రత్యక్షమైన గిరిజ గారే తరువాత ఆయనకు జోడీ అగుట చిత్రమైన సంగతి. సన్నని రమణారెడ్డి గారు, బొద్దయిన రేలంగి గారు పక్కపక్కన నిలిస్తే చాలు, మాట పుట్టకముందే ప్రేక్షకులు నవ్వేవారు. ఈ కాలపు కొన్ని చిత్రాలలో రచయితలు ఆయనకు సరైన పాత్ర వ్రాయక, ఆయన వస్తే చాలు నవ్వు వస్తుందని వదిలివేసిన మాట కూడా నిజమే. దానికి బాధ్యుడు ఆయన కాదు.

సంపాదించినది మద్రాసులో వదలక తాడేపల్లిగూడెంలో ‘రేలంగి చిత్రమందిర్’ అనే సినిమా హాలు కట్టించారు. ఆకలితో వచ్చినవారికి అన్నం, పెండ్లి కష్టంలో ఉన్నవారికి సాయం చేయుటలో ఆయన చేయి పెద్దదని ప్రతీతి. చివరి సంవత్సరాలలో వెన్నునొప్పి బాధింపగా నటన తగ్గించి ఆ ఊరిలోనే విశ్రాంతి తీసుకొన్నారు. 1974లో కాకినాడ నాటి మిత్రుడు రంగారావు గారు, ఆపైన రమణారెడ్డి గారు వెళ్లిపోయారు. 1975 నవంబరులో అరవై అయిదవ ఏట రేలంగి గారు తాడేపల్లిగూడెంలో పరమపదించారు.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలసినది 1977లో. ఆయన ఆ చిన్న తెరకు ఒక్కనాడూ నటించలేదు. అయినను పాత చిత్రాలు ప్రసారమైన ప్రతిసారి, టెలివిజన్ ఉన్న ఒక్క ఇంటి ముంగిట వీధి వీధంతా చేరినప్పుడు, ఆయన మరణించిన తరువాత పుట్టిన పిల్లలు శూరసేనుని చూచి నవ్వారు. ఆ తరువాత దూరదర్శన్ తన సొంత హాస్యనటులను తయారు చేసుకొన్నది. ‘ఆనందో బ్రహ్మ’ ధారావాహికతో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ఇంటింటికీ పరిచితులైనారు. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. అరువదేళ్ల నాటి వృద్ధులు, మనుమలు ఒకే వరుసలో కూర్చొన్నారు. లక్ష్మణకుమారుని కాలు తొక్కబడినప్పుడు హాలు మొత్తం ఒక్కసారిగా నవ్వింది.