జొన్నకూటిని గేలిచేసిన కవిసార్వభౌముడు

పల్నాటిలో శ్రీనాథుని పేరు రెండు విధముల వినబడును. వీరచరిత్రను ద్విపదలో పాడి ఈ సీమ కీర్తిని నిలిపిన కవిగా ఒక విధము; ఈ సీమ రాళ్లను, ఎండను, జొన్నకూటిని గేలిచేసిన అతిథిగా మరియొక విధము. ఉపాధ్యాయుడు మొదటిదానిని బోధించుచుండగా వెనుక బల్లమీది పిల్లలు రెండవదానిని తలచుకొని నవ్వుకొనుట వింత కాదు. ఆ గేలికి గురియైన జొన్నలు, సజ్జలే నేడు బాగుగా ముగ్గిన అరటిపండుతో కలసి, ఓట్సుకు సాటిగా, ఇంట కాల్చిన బిస్కట్టులై ఆరోగ్యము కోరువారి పళ్లెములలోనికి వచ్చుచున్నవి. కావ్యముల వైపునుండి శ్రీనాథుని జీవితమును చూచినవారు పెక్కుమంది కలరు. భోజనపు పంక్తి వైపునుండి ఒకమారు చూచిన, ఆ మహాకవియు, మన గింజయు మరికొంత స్పష్టముగా కనబడుదురు.

శ్రీనాథుడు 14వ శతాబ్ది ఉత్తరార్ధమున జన్మించెను. తండ్రి మారయ, తల్లి భీమాంబ. తాత కమలనాభామాత్యుడు స్వయముగా కవి. ఇంట పుట్టిన విద్య మనుమనికి ఉగ్గుపాలతోనే అబ్బినది. బాల్యముననే మరుత్తరాట్చరిత్రమును, మీసకట్టు వచ్చు వయస్సున శాలివాహన సప్తశతిని రచించెను. ఆ రెండును నేడు లభించుటలేదు. తరువాత శ్రీహర్షుని సంస్కృత నైషధమును తెనిగించి, మామిడి సింగనామాత్యునికి అంకితమిచ్చెను. పండితులకు ఔషధమని పేరుపొందిన ఆ కావ్యమును తెలుగువారికి విందుగా వడ్డించిన ఘనత అతనిది. ఆ కావ్యమున నలదమయంతుల పెండ్లివిందు ఘట్టము చదివినవారికి, కవికి రుచులయందుగల మక్కువ వేరుగా చెప్పనక్కరలేదు.

1402 మొదలు 1420 వరకు కొండవీటిని ఏలిన పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారి. శాసనములను రచించుట, పండితుల యోగ్యతను పరీక్షించుట ఆ పదవికి చెందిన పనులు. నరసరావుపేటకు తూర్పున, కొండవీటి కొండకు చేరువనున్న ఫిరంగిపురమున, వేమారెడ్డి రాణి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరమను చెరువును గూర్చిన శాసనము ఇతని రచనయే. చేలకు నీరందించు చెరువును కీర్తించుటతో కవి కలము ఈ ప్రాంతపు మట్టిని తాకినదన్నమాట. ఆనాటి కొండవీటి వైభవము సామాన్యము కాదు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సముద్రవ్యాపారి. చీనా పట్టు, హురుమంజి గుఱ్ఱములు, భోటదేశపు కస్తూరి, ద్వీపాంతరముల కర్పూరము అతని వంశమువారి సరకులు. అట్టి మిత్రుల నడుమ తిరిగిన కవికి సన్నబియ్యపు అన్నమును, కాగిన నేయియు నిత్యభోగములై యుండుటలో ఆశ్చర్యము లేదు.

ఇక్కడ క్రీడాభిరామమును తలచుకొనవలెను. అది వినుకొండ వల్లభరాయని పేర వెలసినది. శ్రీనాథుని రచనయే యని వాదించిన పండితులును కలరు. కర్త ఎవరైనను, అందలి ఓరుగంటి పూటకూళ్ల యింటి వర్ణనము ఆ కాలపు నగరభోజనమునకు చక్కని పట్టిక. ఒక్క రూకకు అచ్చట సువాసనగల సన్నన్నము, గోధుమ పిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు దొరకెడివట. గోధుమపిండి, పంచదార, నేయి, అరటిపండు అను నాలుగింటిని చూడుడు. నేటి బజారు తీపి బిస్కట్టుకు కావలసిన సరకు ఇంచుమించుగా అంతయు అందున్నది. లేనిది ముతకధాన్య మొక్కటే. అది నగరపు విస్తరిలోనికి రాలేదు; పల్లెవాని ముంతలోనే నిలిచినది.

శ్రీనాథునికి ఆకలి తెలియదనుటయు సరికాదు. కాశీఖండమున గుణనిధి కథను చెప్పినది అతడే. జూదమున చెడి ఇల్లు విడిచిన ఆ బ్రాహ్మణకుమారుడు ఆకలికి తాళలేక శివరాత్రినాడు గుడిలోని నైవేద్యమును దొంగిలింపబోవును. వ్యాసుడంతటివాడు కాశిలో భిక్ష దొరకక, శిష్యులతో పస్తుండి, కోపమున ఆ నగరమునే శపింపబూనగా, జగన్మాత ముత్తైదువ రూపమున పిలిచి అన్నము పెట్టిన కథయు అతని కలముననే తెలుగువారి ఇండ్లలో స్థిరపడినది. ఆకలి ఎంతటివానినైనను ఎట్లు వంచునో అతడెరుగును. కాని ఎరుగుట వేరు, అలవాటుపడుట వేరు.

కొండవీటి ప్రాభవము సన్నగిల్లిన పిమ్మట కవి దేశసంచారమునకు బయలుదేరెను. విజయనగరమున ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును వాదమున గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, ముత్యాలశాలలో కనకాభిషేకము పొందెను. కవిసార్వభౌముడను బిరుదము అతనికి స్థిరమైనది. రాజమహేంద్రవరమున వీరభద్రారెడ్డి ఆదరణమున కాశీఖండమును అంకితము చేసెను. ఒక తెలుగుకవి పొందగల గౌరవములలో అతనికి దక్కనిది లేదు.

అట్టి మనిషి పల్నాటి బాట పట్టినప్పుడు పుట్టినవని చెప్పు చాటువులే ఈనాటికిని జనుల నోట నిలిచినవి. నాపరాళ్లు, నాగులేటి నీరు, పాములు, తేళ్లు, సజ్జ జొన్నల తిండి అని అతడు లెక్కపెట్టెను. మన్మథుడే వచ్చినను ఇచ్చట జొన్నకూడే గతి యనెను. నీరు దొరకని దప్పికలో శివునే అడ్డగించి, ఇద్దరు భార్యలెందుకు, గంగను విడువుమని వేడెను. అన్నింటికంటె కొంటెది మరియొకటి. పూతన విషమును త్రాగి, కార్చిచ్చును మ్రింగిన కృష్ణుని పిలిచి, ఆ గొప్ప యేమి గొప్ప, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మ్రింగి చూపుమని సవాలు చేసెను.

నవ్వు వచ్చు మాట నిజమే. కాని పల్నాటి రైతు జొన్నను కోరి కష్టపడుటకు కారణము కలదు. వాన తక్కువ, రాతినేల ఎక్కువ. వరి నీరు లేనిదే నిలువదు. జొన్న అట్లు కాదు. దాని ఆకుమీద మైనపు పూత యుండి లోపలి చెమ్మను కాపాడును. బెట్ట ముదిరినప్పుడు ఆకులు చుట్టుకొని, ఎదుగుదల నిలిపి, మొక్క కాచుకొనియుండును. వాన పడగనే మరల లేచును. వేళ్లు లోతుగా పోయి తడిని వెదకును. సజ్జ అంతకంటెను మొండిది. కవి హేళన చేసినది రుచిలేని కూటిని కాదు. ఎండిన నేలతో జనులు తరతరములు చేసికొన్న ఒడంబడికను.

ఇట్టి హేళన మన దేశమునకే ప్రత్యేకము కాదు. ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ అను పండితుడు 1755లో వెలువరించిన నిఘంటువున ఓట్సునకు అర్థము చెప్పుచు, తమ దేశమున గుఱ్ఱములకు పెట్టు గింజ స్కాట్లండులో మనుష్యులను పోషించుచున్నదని ఎత్తిపొడిచెను. స్కాట్లండు చలికి, తడికి గోధుమ సరిగా పండదు, ఓట్సు పండును. అచ్చటివారు దానితో అంబలి కాచుకొనిరి, పెనముమీద పలుచని రొట్టెలు కాల్చుకొనిరి. పల్నాటి జొన్నరొట్టెకు ఆ రొట్టె దూరపు చుట్టము. రెండుచోట్లను బలిసిన సీమ పండితుడు బక్కసీమ గింజను చూచి నవ్వెను. నేడు జాన్సను నవ్విన ఓట్సు డబ్బాలలో వెలగట్టబడి నరసరావుపేట, మాచర్ల దుకాణములకు వచ్చినది. శ్రీనాథుడు నవ్విన జొన్నకు, సజ్జకు తోడుగా, భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించెను.

ఈ మార్పు ఊరక రాలేదు. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన పిమ్మట పల్నాట పెక్కుచోట్ల వరి, మిరప, ప్రత్తి విస్తరించినవి. శ్రీనాథుడు కోరిన నీరును, సన్నబియ్యమును వచ్చినవి. జొన్న వెనుకబడినది. కాని గింజలోని గుణము మారలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము, నూరు గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు, సజ్జలలో పదకొండున్నర గ్రాములు. మరపట్టిన తెల్లబియ్యములో మూడు గ్రాములకు లోపు. ఇనుము సజ్జలలో సుమారు 6.4 మిల్లీగ్రాములు, జొన్నలలో సుమారు 4. తెల్లబియ్యమున ఒక మిల్లీగ్రాము కూడ లేదు.

ఈ గింజను పిల్లలచేత ఇష్టముగా తినిపించుట ఎట్లు అనునదే తల్లుల ప్రశ్న. జొన్నకు, సజ్జకు గోధుమవలె సాగు జిగి లేదు. అందుచే వాటి బిస్కట్టు పొడిపొడిగా రాలిపోవును. ఆ లోటును ముగ్గిన పండు తీర్చును. అరటికాయలోని పిండిపదార్థము పండునప్పుడు చాలవరకు చక్కెరగా మారును. గుజ్జు మెత్తనై గింజను పట్టి యుంచును. తొక్కపై నల్లమచ్చలు పడిన పండు పారవేయదగినది కాదు. ఈ పనికి అదియే శ్రేష్ఠము. అట్టి పండ్లు రెండింటిని బాగుగా మెదిపి, ఒక గిన్నెడు జొన్న అటుకులు లేక ఓట్సు, అరగిన్నెడు దోరగా వేయించిన సజ్జపిండి, రెండు చెంచాల నువ్వులు, రెండు చెంచాల నేయి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు కలుపవలెను. గింజ తడి పీల్చుకొనుటకు పావుగంట ఉంచి, చిన్న బిళ్లలుగా ఒత్తి, ఓవెనులో 180 డిగ్రీల వేడిపై పదునైదు ఇరువది నిమిషములు కాల్చిన చాలును. ఓవెను లేనివారు మందపు గిన్నెలో ఇసుక పోసి, పైన పళ్లెముంచి, మూతవేసి, సన్నని సెగపై అరగంట కాల్చవచ్చును. తాటిపండ్ల కాలమున తాటిగుజ్జుతోను చేయవచ్చును. పండుగుజ్జును పిండితో కలిపి రొట్టె కాల్చుట తెలుగువారి తాతలనాటి విద్యయే. సజ్జపిండిలో నూనె ఎక్కువ గనుక త్వరగా చేదెక్కును. అప్పటికప్పుడు విసరించుకొనుట మేలు. బిళ్లలలో తడి యుండును గనుక రెండు దినములలో తినివేయవలెను. ఇది మందు కాదనియు, పండులోని తీపియు తీపియే యనియు మరువరాదు. పంచదార, మైదా, వనస్పతి తగ్గినంతమేరకే దీని మేలు.

మరల కవి కడకు వత్తము. శ్రీనాథుని చరమదశ దుఃఖభరితము. కొండవీటి ప్రభువులు పోయిరి, రాజమహేంద్రవరపు ప్రాపును పోయెను. ఆదరించువారు లేక, కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని వ్యవసాయమునకు దిగెను. కృష్ణ పొంగి పంటను కొనిపోయెను. మిగిలిన నువ్వులను, పెసలను పిట్టలు తినిపోయెను. ఏడునూర్ల టంకములు చెల్లింపలేక పోగా, అధికారులు కాళ్లకు సంకెలలు తగిలించి, భుజముపై నల్లగుండు మోపి, ఎండలో వీథిని నిలిపిరట. కనకాభిషేకము జరిగిన దేహమునకు అట్టి గతి పట్టినది. ఆ బాధనే పద్యముగా చెప్పుకొని కన్నుమూసెనని ప్రతీతి.

పల్లె రైతు గింజను గేలిచేసిన వాక్కే చివరకు చేను పోగొట్టుకొన్న రైతు గోడును చెప్పినది. విస్తరి ముందు కూర్చున్నవానికి జొన్న ముతకది. చేని గట్టుపై నిలిచినవానికి ఆకాశము ముఖము చాటుచేసినను నిలిచి కాపాడునది. పల్నాటి వీరచరిత్రలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన గాథ కలదు. ఆ గాథను పాడినవాడుగా మనము స్మరించుకొను కవియే జొన్నముద్దను దూరముగా నెట్టినవాడుగాను స్మరింపబడుట విధివిలాసము.

శ్రీనాథుని పద్యమును చూచి పల్నాటివారు అలుగలేదు. ఆరువందల ఏండ్లుగా నవ్వుచు అప్పగించుకొనుచు వచ్చిరి. అది ఈ సీమ హృదయవైశాల్యము. ఉపాధ్యాయులు ఆ చాటువును చెప్పునాడు, బొడ్డుపల్లె కథను కూడ జతచేసి చెప్పుదురుగాక. ఇంటికి పోయిన పిల్లవానికి తల్లి ముగ్గిన అరటిపండును సజ్జపిండితో కలిపి కాల్చిన బిళ్లను చేతిలో పెట్టినచో, పాఠము సంపూర్ణమగును. దానిపై చల్లిన నాలుగు నువ్వులు, పిట్టలపాలైన ఆ మహాకవి పంటను జ్ఞాపకము చేయును.