ఛాతీ చర్మంతో మొహాలు నిలబెట్టిన డాక్టరు

జర్దా పాన్ అలవాటుతో నోటి క్యాన్సర్ తెచ్చుకుని దవడ తీయించుకున్నవాళ్ళు మన పాతబస్తీలోనూ ఉన్నారు. పోయిన బుగ్గకు ఛాతీ మీది చర్మం తెచ్చి కుడతామని డాక్టరు అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ వైద్యానికి బాట వేసినవారిలో ముఖ్యులు సర్ హెరాల్డ్ గిల్లీస్. వారి సంగతి మన సభ్యుల కుటుంబాలు తెలుసుకోదగినది.

ఆయన 1882లో న్యూజిలాండ్‌లో పుట్టారు. ఇంగ్లండులో చదివి చెవి, ముక్కు, గొంతు డాక్టరయ్యారు. గోల్ఫ్‌లోనూ దిట్ట. 1914లో మహాయుద్ధం వచ్చింది. కందకంలోంచి తల ఎత్తిన సిపాయికి ప్రాణం మిగిలినా మొహం మిగిలేది కాదు. అలాంటివారి కోసమే 1917లో సిడ్‌కప్‌లో దవాఖానా తెరిపించారు. అక్కడ 5,000 మందికి పైగా మనుషులకు 11,000కు మించి ఆపరేషన్లు జరిగాయి.

ఆ ఏడాది అక్టోబరులో వికరేజ్ అనే నావికుడి వంతు వచ్చింది. 1916 నాటి జట్లండ్ సముద్రయుద్ధంలో అతని మొహం కాలిపోయింది. గిల్లీస్ అతని ఛాతీ చర్మాన్ని మొత్తం తెంపకుండా, మొదలు ఒంటికే ఉంచి పైకి లేపారు. ఆ మొదలు గుండానే చర్మానికి నెత్తురు అందాలి. లేపిన చర్మం అంచులు లోపలికి చుట్టుకోవడం చూసి, అలాగే గొట్టంలా కుట్టేశారు. పచ్చిపుండు లోపల దాగింది, చీము భయం తగ్గింది. పెన్సిలిన్ ఇంకా రాని రోజులు మరి! మొహం మీద చర్మం అతుక్కుని అక్కడి నెత్తురు పారాక గొట్టాన్ని కోసేయవచ్చు. ఒడెస్సాలో ఫిలాటోవ్ అనే కంటి డాక్టరు కూడా ఆ రోజుల్లోనే విడిగా ఇదే కనిపెట్టారు.

అంతలోనే పెద్ద దెబ్బ తగిలింది. విమానం కూలి కాలిపోయిన లమ్లీ అనే కుర్రవాడికి, మొహమంతా కప్పేటంత చర్మం ఛాతీ మీంచి ఒక్కసారే ఎక్కించారు. అది కుళ్ళిపోయింది. 1918 మార్చిలో, 26 ఏళ్ళకే, లమ్లీ చనిపోయాడు. ఆ తరువాత గిల్లీస్ తొందరపడటం మానుకున్నారు. కొంచెం చేసి, మానేదాకా ఆగి, మళ్ళీ కొంచెం చేసేవారు. ఒక్కొక్కరికి ఏళ్ళు పట్టేవి. ఆయన గొప్పతనం గొట్టం కనిపెట్టడంలో కంటే ఈ ఓపికలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

1930లో సర్ బిరుదు వచ్చింది. 1960లో కాలం చేశారు. 1979లో అమెరికాలో అరియాన్ అనే డాక్టరు ఛాతీ కండను దాని రక్తనాళంతో సహా మెడ చర్మం కిందుగా నోటిదాకా తేవచ్చని చూపారు. నెత్తురు వెంటే వస్తుంది కనుక చాలామందికి ఒకే ఆపరేషన్‌తో సరిపోతుంది. లమ్లీకి కరువైనది ఇదే.

ఒక్కమాట. మగవారికి ఛాతీ వెంట్రుకలు కొత్త బుగ్గ లోపల కూడా మొలవవచ్చు. కంగారుపడకండి, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.