హెన్రీ ఫోర్డ్

హెన్రీ ఫోర్డ్ (జూలై 30, 1863 – ఏప్రిల్ 7, 1947) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ పారిశ్రామికవేత్త, ఫోర్డ్ మోటార్ కంపెనీ వ్యవస్థాపకుడు. ధనవంతుల విలాస వస్తువుగా ఉన్న మోటారు కారును రైతుకు, కార్మికునికి అందుబాటులోకి తెచ్చిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. ఇతడు 1908లో విడుదల చేసిన మోడల్ టి కారు 19 సంవత్సరాలలో కోటీ 50 లక్షలకు పైగా తయారైనది. కారు గట్టిగా ఉండాలి, ఒకవేళ చెడిపోయినా యజమాని స్వయంగా బాగుచేసుకోగలగాలి అన్నది ఇతని ఆశయం. అయితే ఆ కారులోని లోపాల గురించి కొన్నవారు, అమ్మినవారు, చివరకు సొంత కుమారుడు చెప్పినది కూడా ఇతడు చాలాకాలం పెడచెవిన పెట్టాడు. దానివలన కంపెనీ తన అగ్రస్థానాన్ని కోల్పోయినది.

బాల్యము, తొలి ఉద్యోగాలు

హెన్రీ ఫోర్డ్ మిచిగాన్ రాష్ట్రంలో, నేటి డియర్‌బార్న్ ప్రాంతంలోని ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి విలియం ఫోర్డ్ ఐర్లండు నుండి వలస వచ్చినవాడు. తల్లి మేరీ 1876లో మరణించినది. అదే సంవత్సరం ఇతడు గుర్రాలు లేకుండా తనంతట తానే రోడ్డుపై కదులుతున్న ఒక ఆవిరి యంత్రాన్ని చూశాడు. ఆ దృశ్యం ఇతని జీవితాన్ని మలుపు తిప్పినది. చిన్నతనంలోనే ఇరుగుపొరుగువారి గడియారాలను విప్పి బాగుచేసేవాడు. వ్యవసాయంపై ఆసక్తి లేక 1879లో డెట్రాయిట్ నగరానికి వెళ్ళి యంత్రశాలలలో పని నేర్చుకున్నాడు.

1888లో క్లారా బ్రయంట్‌తో వివాహం జరిగినది. 1891లో డెట్రాయిట్‌లోని ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా చేరి, 1893లో ప్రధాన ఇంజనీరు అయ్యాడు. వీరి ఏకైక కుమారుడు ఎడ్సెల్ 1893లో జన్మించాడు. ఉద్యోగం చేస్తూనే ఇతడు తీరిక వేళలలో, ఇంటి వెనుక ఉన్న కొట్టంలో సైకిలు చక్రాలతో నాలుగు చక్రాల పెట్రోలు బండిని తయారుచేశాడు. జూన్ 4, 1896న దానిని బయటకు తీయబోగా తలుపు చాలలేదు. గొడ్డలితో గోడ ఇటుకలు పగులగొట్టి బండిని బయటకు తీసుకురావలసి వచ్చినది.

విఫలమైన రెండు కంపెనీలు

1899లో విలియం మర్ఫీ తదితరుల పెట్టుబడితో డెట్రాయిట్ ఆటోమొబైల్ కంపెనీ ఏర్పడినది. అక్కడ తయారైన వాహనాల నాణ్యత తక్కువగాను, ధర ఎక్కువగాను ఉండెను. ఇవి ఫోర్డ్‌కు గాని, కొనుగోలుదారులకు గాని సంతృప్తి కలిగించలేదు. 1901లో ఆ కంపెనీ మూతపడినది. అదే సంవత్సరం అక్టోబరులో గ్రాస్ పాయింట్‌లో జరిగిన పందెంలో, అప్పటికే పేరు పొందిన అలెగ్జాండర్ వింటన్‌ను ఫోర్డ్ ఓడించాడు. ఆ గెలుపుతో పెట్టుబడిదారులు మళ్ళీ ముందుకు వచ్చి హెన్రీ ఫోర్డ్ కంపెనీని స్థాపించారు.

ఈ రెండవ కంపెనీ నుండి కూడా ఫోర్డ్ 1902లో బయటకు వచ్చాడు. ఆస్తుల విలువ కట్టడానికి వచ్చిన హెన్రీ లేలాండ్ అనే యంత్ర నిపుణుడు కంపెనీని మూసివేయవద్దని, తన ఇంజనుతో కార్లు తయారుచేయవచ్చని యజమానులకు సలహా ఇచ్చాడు. ఆ విధంగా పుట్టినదే కాడిలాక్ కంపెనీ. అంటే అమెరికాలోని రెండు పెద్ద కార్ల పేర్లకు మూలం ఫోర్డ్ పేరుతోనే ముడిపడి ఉన్నది.

ఫోర్డ్ మోటార్ కంపెనీ

జూన్ 16, 1903న 28,000 డాలర్ల నగదు పెట్టుబడితో ఫోర్డ్ మోటార్ కంపెనీ ప్రారంభమైనది. బొగ్గు వ్యాపారి అలెగ్జాండర్ మాల్కమ్‌సన్, లెక్కలు చూసే జేమ్స్ కూజెన్స్, ఇంజన్లు సరఫరా చేసే డాడ్జ్ సోదరులు ఇందులో భాగస్వాములు. తొలి కారు మోడల్ ఎ జూలై 1903లో షికాగోకు చెందిన ఒక దంతవైద్యునికి అమ్ముడుపోయినది. ఈ కారు ఇంజను వేడెక్కుతున్నదని, గేర్లను పట్టి ఉంచే పట్టీలు జారిపోతున్నవని ఫిర్యాదులు వచ్చాయి. ఆ రోజులలో చాలా కార్లకు ఇవే లోపాలు ఉండేవి.

భాగస్వాములలో కొందరు ఖరీదైన కార్లు చేయాలని కోరగా, తక్కువ ధరకు ఒకే రకం కారును పెద్ద సంఖ్యలో చేయాలని ఫోర్డ్ పట్టుబట్టాడు. 1906లో వచ్చిన ఆరు సిలిండర్ల మోడల్ కె ఆశించినంతగా అమ్ముడుపోలేదు. చవకైన మోడల్ ఎన్ బాగా అమ్ముడుపోవడంతో ఫోర్డ్ మాటే నెగ్గినది.

మోడల్ టి

అక్టోబరు 1, 1908న మోడల్ టి విడుదలైనది. నాలుగు సిలిండర్లు, 20 అశ్వశక్తి గల ఇంజను, నేల నుండి ఎత్తుగా ఉండే ఛాసిస్ దీని ప్రత్యేకతలు. వనేడియం కలిపిన ఉక్కును వాడటం వలన తక్కువ బరువులోనే ఎక్కువ బలం వచ్చినది. బురద నిండిన పల్లె బాటలలో ఇతర కార్లు దిగబడిపోయే చోట కూడా ఇది వెళ్ళగలిగేది. ఇంజను పైభాగాన్ని విడిగా తీసే వీలు ఉండటంతో, కొద్దిపాటి పనిముట్లతో రైతులు తామే మరమ్మతు చేసుకునేవారు. వెనుక చక్రానికి పట్టా తగిలించి కట్టెలు కోయడానికి, నీళ్ళు తోడటానికి కూడా దీనిని వాడుకున్నారు.

1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను ప్రవేశపెట్టబడినది. దానితో ఒక ఛాసిస్‌ను బిగించడానికి పట్టే సమయం పన్నెండున్నర గంటల నుండి 93 నిమిషాలకు తగ్గినది. ఒకే పనిని రోజంతా చేయలేక కార్మికులు పెద్ద సంఖ్యలో మానివేయసాగారు. దీనిని అరికట్టడానికి జనవరి 1914లో రోజు కూలిని 5 డాలర్లకు పెంచి, పనివేళలను 8 గంటలకు తగ్గించాడు. 1908లో 850 డాలర్లు ఉన్న కారు ధర 1920వ దశకం మధ్యలో 300 డాలర్ల కంటె తక్కువకు దిగివచ్చినది. ఒక సంవత్సరంలో 3 లక్షల కార్లు అమ్ముడైతే కొన్నవారికి కొంత సొమ్ము తిరిగి ఇస్తానని 1914లో ప్రకటించి, ఆ ప్రకారమే 1915లో ఒక్కొక్కరికి 50 డాలర్లు చెల్లించాడు.

యజమానుల ఫిర్యాదులు

మోడల్ టిని ప్రేమించినవారే దానిని తిట్టుకునేవారు కూడా. ఇంజనును ముందు భాగంలోని హ్యాండిలు చేతితో తిప్పి నడపవలసి వచ్చేది. ఒక్కొక్కసారి హ్యాండిలు వెనక్కి తన్నడంతో చేతులు విరిగేవి. చలికాలంలో నూనె చిక్కబడి, ఇంజను అందుకోగానే బండి మెల్లగా మనిషి మీదకు కదిలేది. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండి, పెట్రోలు పల్లానికి జారే పద్ధతిలో ఇంజనుకు చేరేది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారైన గుట్ట ఎక్కాలంటే బండిని వెనక్కి తిప్పి రివర్సులో నడపవలసి వచ్చేది. నీటి పంపు లేనందున ఎత్తులలో రేడియేటరులోని నీరు మరిగేది. దీపాలకు మాగ్నెటో నుండి విద్యుత్తు అందే కార్లలో ఇంజను నెమ్మదించగానే వెలుతురు కూడా తగ్గేది. కాలి బ్రేకు చక్రాలపై కాక గేరు పెట్టెలోని పట్టీపై పనిచేసేది. ఆ పట్టీలు అరిగిపోయినప్పుడల్లా మార్చవలసి వచ్చేది.

కాడిలాక్ కారుకు 1912లోనే విద్యుత్ స్టార్టరు రాగా, మోడల్ టికి 1919 వరకు రాలేదు. కంపెనీ చేయని మార్పులను బయటి వ్యాపారులు చేసి అమ్మసాగారు. ఈ కారుకు బిగించుకునే పరికరాల అమ్మకం ఒక ప్రత్యేక వ్యాపారంగా ఎదిగినది. ఈ కారుపై వచ్చిన హాస్యోక్తులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. 1912లో ఫోర్డ్ ఐరోపా పర్యటనలో ఉండగా ఉద్యోగులు మెరుగుపరచిన నమూనా కారును సిద్ధం చేశారని, తిరిగివచ్చిన ఫోర్డ్ దానిని తన చేతులతోనే ధ్వంసం చేశాడని చెబుతారు.

ఆధిపత్యం కోల్పోవడం

1920వ దశకం ప్రారంభంలో అమెరికాలో తయారయ్యే కార్లలో సగం వరకు ఫోర్డ్‌వే. 1919లో ఇతర భాగస్వాముల వాటాలన్నీ కొనివేసిన తరువాత ఇతనికి ఎదురు చెప్పగలవారు మిగలలేదు. పేరుకు అధ్యక్షుడు కుమారుడు ఎడ్సెల్ అయినప్పటికీ నిర్ణయాలు తండ్రివే. 1922లో దివాలా స్థితిలో ఉన్న లేలాండ్ యొక్క లింకన్ కంపెనీని ఫోర్డ్ 80 లక్షల డాలర్లకు కొన్నాడు. కొద్ది నెలలలోనే లేలాండ్, ఆయన కుమారుడు ఆ కంపెనీని వదిలి వెళ్ళవలసి వచ్చినది.

ఈలోగా జనరల్ మోటార్స్‌కు చెందిన షెవర్లే కారు వాయిదాల పద్ధతిలో, రంగులలో, సులభంగా వాడగల గేర్లతో రాసాగినది. షెవర్లేకు కూడా లోపాలు లేకపోలేదు. 1923లో గాలితో చల్లబడే ఇంజను గల షెవర్లే కార్లు సరిగా పనిచేయకపోవడంతో, కంపెనీ వాటిని వెనక్కి రప్పించి ఆ ప్రయత్నాన్నే విరమించుకున్నది. మోడల్ టి విషయంలో ఫోర్డ్ అటువంటి పునరాలోచన చేయలేదు. జనవరి 1926లో ఎడ్సెల్ తోడల్లుడు, కంపెనీ ఉన్నతాధికారి అయిన ఎర్నెస్ట్ కాంజ్లర్ కొత్త కారు అవసరాన్ని వివరిస్తూ ఫోర్డ్‌కు ఒక నివేదిక సమర్పించాడు. ఆ సంవత్సరంలోనే అతనిని కంపెనీ నుండి తొలగించారు. అయితే అతడు చెప్పినట్లే జరిగి, మే 1927లో మోడల్ టి ఉత్పత్తి నిలిచిపోయినది. మరొక కారు సిద్ధంగా లేనందున కర్మాగారాలు సుమారు ఆరు నెలలు మూతపడి, వేలాది కార్మికులు వీధిన పడ్డారు.

డిసెంబరు 1927లో వచ్చిన కొత్త మోడల్ ఎ కారుకు నాలుగు చక్రాలకూ బ్రేకులు, పగిలినా గుచ్చుకోని ముందు అద్దం అమర్చబడినవి. 1932లో సామాన్యుల ధరలో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజనును తీసుకువచ్చాడు. తొలి వి-8 కార్లు నూనె ఎక్కువగా తాగుతున్నవని, వేడెక్కుతున్నవని ఫిర్యాదులు రాగా, క్రమంగా మార్పులు చేయబడినవి. హైడ్రాలిక్ బ్రేకుల విషయంలో మాత్రం పోటీదారులందరి కంటె వెనుకబడి, 1939 మోడల్ వరకు ఆగాడు.

వివాదాలు

ఫోర్డ్ యాజమాన్యంలోని డియర్‌బార్న్ ఇండిపెండెంట్ పత్రిక 1920 నుండి యూదులకు వ్యతిరేకంగా వ్యాసాలు ప్రచురించినది. న్యాయస్థానంలో దావా ఎదుర్కొన్న తరువాత 1927లో ఇతడు క్షమాపణ ప్రకటించి పత్రికను మూసివేశాడు. 1938లో నాజీ జర్మనీ ఇచ్చిన పతకాన్ని స్వీకరించి మరల విమర్శల పాలయ్యాడు. ఇతడు కార్మిక సంఘాలను తీవ్రంగా వ్యతిరేకించాడు. మార్చి 1932లో రూజ్ కర్మాగారానికి ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగులపై కాల్పులు జరిగి పలువురు మరణించారు. 1937లో సంఘ నాయకులపై కంపెనీ మనుషులు దాడి చేశారు. 1941లో సమ్మె తరువాత గాని సంఘాన్ని గుర్తించలేదు.

భారతదేశముతో సంబంధము

1926లో ఫోర్డ్ కంపెనీ కెనడా శాఖ ద్వారా భారతదేశంలో వ్యాపారం ప్రారంభించినది. స్వాతంత్ర్యం తరువాత దిగుమతులపై ఆంక్షల కారణంగా 1950వ దశకంలో ఇది నిలిచిపోయినది. 1941లో మహాత్మా గాంధీ ఫోర్డ్‌కు ఒక చరఖాను కానుకగా పంపాడు. పెద్ద యంత్రాల ప్రతినిధికి చేతి యంత్రాల ప్రతినిధి పంపిన ఆ కానుక డియర్‌బార్న్ మ్యూజియంలో చేరినది. 1995లో కంపెనీ తిరిగివచ్చి చెన్నై సమీపంలోని మరైమలై నగర్‌లో కర్మాగారం స్థాపించినది. నష్టాల కారణంగా 2021లో భారతదేశంలో కార్ల తయారీని విరమించుకుంటున్నట్లు ప్రకటించినది.

1936లో ఫోర్డ్ కుటుంబం స్థాపించిన ఫోర్డ్ ఫౌండేషన్‌కు తెలంగాణతోనూ సంబంధం కలదు. ఈ సంస్థ, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ చొరవతో 1972లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో ఇక్రిశాట్ ఏర్పడినది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై ఇక్కడ పరిశోధనలు జరుగుతున్నవి. జనగామ వంటి వర్షాధార మెట్ట ప్రాంతాల రైతులకు ముఖ్యమైన పంటలు ఇందులో ఉన్నవి.

చివరి రోజులు, మరణము

మే 1943లో ఎడ్సెల్ మరణించడంతో వృద్ధుడైన ఫోర్డ్ మరల అధ్యక్ష పదవి చేపట్టాడు. ఆరోగ్యం, జ్ఞాపకశక్తి క్షీణించడంతో 1945లో మనుమడు రెండవ హెన్రీ ఫోర్డ్‌కు బాధ్యతలు అప్పగించాడు. ఏప్రిల్ 7, 1947న తన 83వ ఏట డియర్‌బార్న్‌లోని స్వగృహంలో మెదడులో రక్తస్రావంతో మరణించాడు. ఆ రోజు రూజ్ నది వరద వలన ఇంటికి విద్యుత్తు నిలిచిపోయినది. ఎడిసన్ కంపెనీ పూర్వ ప్రధాన ఇంజనీరు నూనె దీపాలు, కొవ్వొత్తుల వెలుగులో కన్నుమూశాడు.

మరణానంతరము

ఎడ్సెల్ పేరుతో 1957లో విడుదలైన కారు అమరికలో లోపాలు, విడిభాగాల కొరత వంటి ఫిర్యాదుల మధ్య 1959లోనే నిలిచిపోయినది. పింటో కారు పెట్రోలు ట్యాంకు వెనుక నుండి గుద్దినప్పుడు మంటలు అంటుకునే ప్రమాదం ఉన్నదని తేలగా, 1978లో సుమారు 15 లక్షల కార్లు వెనక్కి పిలిపించబడినవి. 2010వ దశకంలో ఫోకస్, ఫియెస్టా కార్ల ఆటోమాటిక్ గేరు పెట్టెలపై అమెరికాలోని యజమానులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. మరొకవైపు, మోడల్ టి కార్లు అనేకం నేటికీ నడిచే స్థితిలో ఉన్నవి. అభిమానులు వాటికి అవసరమైన విడిభాగాలను తయారుచేయించుకొని, తామే బిగించుకుంటున్నారు.