కాటిసీనులో వినిపించే జాషువా

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పల్లెల్లో తిరునాళ్లకు పద్యనాటకం ఆడించే అలవాటు పూర్తిగా పోలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన ‘సత్య హరిశ్చంద్ర’కు జనం తెల్లవారేదాకా కదలరు. అప్పు తీర్చలేక కాశీ నడివీధిలో ఆలిని, బిడ్డను అమ్ముకున్న మనిషి కథ అది. నక్షత్రకుని పీడింపు, అప్పులవాళ్ల ఒత్తిడి తెలిసిన రైతుకు, కూలికి పురాణంలా తోచదు. హార్మోనియం శ్రుతి పెంచగానే కాటిసీను వస్తుంది. అక్కడ హరిశ్చంద్ర పాత్రధారి పాడే పద్యాల్లో ప్రేక్షకులు వన్స్‌మోర్ కొట్టేవి అనేకం బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువా ‘శ్మశానవాటి’లోనివి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఆ కులాంతర వివాహం వల్ల ఇంటికి దక్కినది వెలి. బడిలోనూ వీధిలోనూ అంటరానితనమే ఎదురైంది. క్రైస్తవునిగా పెరిగినా కులం వదలలేదు. పురాణాలు, ప్రబంధాలు చదివి పద్యం రాస్తున్నందుకు మతపెద్దలకూ కంటగింపయ్యారు. వినుకొండలో కొప్పరపు కవుల అవధాన సభకు పద్యాలతో వెళ్లినప్పుడు, అంటరానివాడు సభలోకి ఎలా వచ్చాడని అవమానించారు. యవ్వనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పి పొట్టపోసుకున్నారు. తరువాత గుంటూరులో ఉపాధ్యాయుడు, తెలుగు పండితుడు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి అడుగుపెట్టలేని అరుంధతీసుతుడు, గుడిలో స్వేచ్ఛగా వేలాడే గబ్బిలంతో శివునికి తన గోడు పంపుతాడు. మేఘసందేశం నమూనాను తీసుకుని యక్షుని విరహం స్థానంలో ఆకలిని నిలిపిన ఆ ధైర్యానికి తెలుగులో సాటి తక్కువ. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. సాహిత్య అకాడమీ పురస్కారం (1964), పద్మభూషణ్ (1970) ఆ తరువాతివి. 1971 జూలై 24న కన్నుమూశారు.

మళ్లీ కాటిసీనుకు వద్దాం. నాటకం కన్నీరు తెప్పించేది ఒక రాజు కాటికాపరి కావడం వల్ల. తరతరాలుగా కాటికాపరిగానే ఉన్నవాని సంగతి అందులో లేదు. వీరబాహుడూ దేవతే అని పురాణం సర్దిచెబుతుంది, రాజుకు రాజ్యం తిరిగి వస్తుంది, లోహితాస్యుడు బతుకుతాడు. గోతులు తవ్వేవాళ్లు మాత్రం తెర దించాక అలాగే ఉంటారు. ఆ నాటకంలోకి జాషువా పద్యం వెళ్లి అంటరానితనానికి చోటులేని స్థలం శ్మశానం ఒక్కటే అని చెప్పింది. అగ్రవర్ణ పాత్ర నోట దళిత కవి మాట! ఎవరు రాశారో తెలియని ప్రేక్షకులు కూడా దానికి చప్పట్లు కొట్టారు. తెలిసినా కొట్టేవారా అన్నది వేరే విషయం.

కానీ ఆ మాట కవి ఆశగానే మిగిలింది. ఆంధ్రదేశపు పల్లెల్లో శ్మశానాలు నేటికీ కులానికొకటి. దళితులకు చాలాచోట్ల వాగొడ్డో చెరువుగట్టో దిక్కు. శవాన్ని మోసుకెళ్లే దారి కోసం కలెక్టరేట్ల ముందు ధర్నాలు జరుగుతున్నాయి. నాటకం ఆడించిన ఊరి పెద్దలు, పద్యానికి వంద రూపాయలు చదివించినవారు, ఆ దారికి నాలుగు గజాల నేల వదలడానికి ఒప్పుకుంటారా అన్నది మరునాడు పంచాయతీలో తేలవలసినది.