ఉక్కపోతకు లెక్క కట్టిన మనిషి: విల్లిస్ క్యారియర్

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు క్యారియర్ అంటే ఏసీ మీద కనిపించే పేరు. అది ఒక మనిషి ఇంటిపేరని చాలామందికి తెలియదు. మనలో ఎంతోమంది ఏసీ మెకానిక్‌లుగా, డక్ట్ ఫిట్టర్లుగా, హెల్పర్లుగా బతుకుతున్నారు. మిగతావాళ్లకు డ్యూటీ దిగాక క్యాంపు గదిలో ఆ ఏసీయే దిక్కు. అందుకే ఆయన కథ మనం తెలుసుకోవాల్సిందే.

పల్లెటూరి పిల్లవాడు

విల్లిస్ క్యారియర్ 1876 నవంబర్ 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో అంగోలా అనే చిన్న ఊళ్లో, రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు భిన్నాల లెక్కలు బుర్రకెక్కకపోతే తల్లి యాపిల్ పండ్లు ముక్కలు కోసి చూపించి నేర్పింది. గడియారాలు, కుట్టు మిషన్లు బాగుచేయడం కూడా ఆమెకు తెలుసు. అతనికి పదకొండేళ్లప్పుడు ఆమె చనిపోయింది. తర్వాత స్కాలర్‌షిప్‌తో కార్నెల్ యూనివర్సిటీలో చేరి, ఖర్చుల కోసం చిన్నాచితకా పనులు చేసుకుంటూ 1901లో ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. బఫెలో ఫోర్జ్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం వారానికి 10 డాలర్లు.

చల్లదనం కాగితం కోసం

మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి ఒక ప్రింటింగ్ ప్రెస్ సమస్య వచ్చింది. వేసవి ఉక్కకు కాగితం తేమ పీల్చి సాగేది, ఆరితే కుంచించుకుపోయేది. ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. సరుకంతా పాడయ్యేది. క్యారియర్ 1902 జులై 17 తేదీతో ఒక డిజైన్ గీశాడు. చల్లటి నీళ్లు పారే పైపుల చుట్ట మీదుగా ఫ్యాన్‌తో గాలి పంపడం, గదిలో తేమను 55 శాతం దగ్గర నిలపడం దాని ఉద్దేశం. ఇప్పటి ఏసీకి మూలం ఇదే. అంటే మొదటి ఏసీ మనిషి కోసం కాదు, కాగితం కోసం పుట్టింది.

అదే కాలంలో పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫాం మీద పొగమంచు చూస్తూ ఆయనకు ఇంకో ఆలోచన తట్టింది. చల్లటి గాలి తక్కువ తేమనే పట్టుకోగలదు. మిగిలింది నీళ్లుగా దిగిపోతుంది. కాబట్టి చల్లటి నీళ్ల జల్లులోంచి గాలిని పంపితే, నీళ్లతోనే గాలిని ఆరబెట్టొచ్చు! వినడానికి వింతగా ఉన్నా అది పనిచేసింది. 1906లో దానికి పేటెంట్ వచ్చింది. 1911లో గాలి, వేడి, తేమల మధ్య సంబంధాన్ని సూత్రాలుగా రాసి ఇంజినీర్ల ముందు పెట్టాడు. ఏసీ డిజైన్ చేసేవాళ్లు నేటికీ ఆ పునాది మీదే లెక్కలు వేస్తారు.

ఉద్యోగం పోయినా

యుద్ధం రోజుల్లో కంపెనీ తన ఇంజినీరింగ్ విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. క్యారియర్, ఇంకో ఆరుగురు కలిసి 32,600 డాలర్లు పోగుచేసి 1915లో సొంత కంపెనీ పెట్టారు. 1922లో పెద్ద భవనాలకు పనికొచ్చే సెంట్రిఫ్యూగల్ చిల్లర్‌ను బయటపెట్టారు. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ సినిమా హాల్లో దాన్ని పెట్టినప్పుడు జనం విసనకర్రలు వెంట తెచ్చుకున్నారు. గాలి చల్లబడేకొద్దీ ఒక్కొక్కరే వాటిని ఒడిలో పెట్టేశారు.

ఆయన జీవితంలో కష్టాలు తక్కువేం కాదు. ఇద్దరు భార్యలు ఆయన కళ్లముందే చనిపోయారు. కుర్రతనంలో మిస్సోరి రాష్ట్రంలో ఒక గాజు ఫ్యాక్టరీలో బిగించిన యంత్రం సరిగా పనిచేయక, కంపెనీకి 20,000 డాలర్ల నష్టం వచ్చేలా ఉంటే నిద్ర పట్టలేదు. అప్పుడు తనకు జరగగల అతి పెద్ద చెడు ఏమిటో లెక్క వేసుకున్నాడు. దానికి మనసు సిద్ధం చేసుకున్నాడు. ఆ తర్వాత ఆ నష్టాన్ని ఎంత తగ్గించగలనా అని పనిలో దిగాడు. అప్పుల గురించి రాత్రంతా ఆలోచించే మనవాళ్లకు కూడా ఇది పనికొచ్చే పద్ధతే.

1950 అక్టోబర్ 7న ఆయన కన్నుమూశాడు. సామాన్యుల ఇళ్లలోకి ఏసీ పెద్దఎత్తున వచ్చింది ఆ తర్వాతే.

మన గదిలో ఆయన లెక్క

సముద్రం పక్కన ఉన్న దుబాయ్, దోహా లాంటి ఊళ్లలో ఒంటికి పట్టిన చెమట ఆరదు. ఏసీ చేసే పనిలో ముఖ్యమైన భాగం ఆ తేమను లాగడమే. డ్రెయిన్ పైపులోంచి కారే నీళ్లు గదిలోంచి తీసిన ఉక్క. అది గుర్తుంటే ఈ జాగ్రత్తలు సులువుగా అర్థమవుతాయి:

- ఎక్కువమంది ఉండే గదిలో, దుమ్ము రోజుల్లో రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి. ముందు స్విచ్ ఆపేయండి. బాగా ఆరాకే పెట్టండి.
- లోపలి యూనిట్ నుంచి నీళ్లు గదిలో కారుతుంటే మొదట డ్రెయిన్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి.
- తలుపు తీసి ఉంచితే బయటి తేమ లోపలికి వస్తూనే ఉంటుంది. 16లో పెట్టినా లాభం లేదు. తలుపు మూసి 24 దగ్గర పెట్టండి.
- ఏసీ గ్యాస్ వాడకంతో అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు మూయకుండా నింపితే డబ్బు దండగ.
- పాత ఆర్22 మిషన్‌లో ఆర్32 గ్యాస్ నింపనివ్వకండి. దానికి మంటంటుకునే గుణం ఉంది, ప్రెజర్ కూడా ఎక్కువ.
- కొత్తది కొంటే, రోజూ ఎక్కువ గంటలు నడిచే గదికి ఇన్వర్టర్ ఏసీ కరెంటు ఆదా చేస్తుంది. గది కొలతకు మించిన పెద్ద ఏసీ తొందరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే ఉంటుంది.

క్యాంపులో ఏసీ పాడైతే నోటిమాటతో వదలకండి. తేదీ వేసి, ఫొటో తీసి, క్యాంపు బాస్‌కు మెసేజ్ పెట్టి దాచుకోండి. కంపెనీ పట్టించుకోకపోతే కార్మిక శాఖ దగ్గర, మన రాయబార కార్యాలయం దగ్గర చూపించడానికి అదే ఆధారం. ఎండలో మేడ మీద ఔట్‌డోర్ యూనిట్ బాగుచేసే తమ్ముళ్లు కూడా మధ్యాహ్నం విరామం వదులుకోవద్దు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పనిచేయించకూడదు. అత్యవసర పనులకు కొన్ని మినహాయింపులున్నా, అప్పుడు కూడా నీడ, తాగునీళ్లు కంపెనీ ఇవ్వాల్సిందే. నూరేళ్ల కిందట కాగితానికి దొరికిన చల్లదనం, దాన్ని బిగించే మనిషికీ దక్కాలి.